కట్టపై కావలి: సైబర్ భద్రతా వృత్తి వాస్తవ స్వరూపం



ఈ పాఠశాల డెబ్బదియైదు వసంతాలు పూర్తిచేసికొన్న శుభవేళ, పిల్లల ఇండ్లలో తరచు వినవచ్చే ఒక ప్రశ్నను విచారించడం సముచితం. "సైబర్ సెక్యూరిటీ చదివితే మంచి భవిష్యత్తు ఉందట. తెలుగు మాధ్యమంలో చదివిన మా బిడ్డకు అది అందుతుందా?" అన్నదే ఆ ప్రశ్న. దీనికి సమాధానం చెప్పాలంటే ముందుగా ఆ పని ఎటువంటిదో తెలియాలి.

శోళవరం చెరువు నీరు చెన్నై నగరపు దాహం తీరుస్తుంది. వానాకాలపు రాత్రి కట్టపై కావలి ఉన్న మనిషి పేరు ఆ నగరంలో ఎవరికీ తెలియదు. కట్ట నిలిచినన్నాళ్లు అతనిని తలచేవారుండరు. తెగిననాడు మాత్రం అందరి వేళ్లూ అతని వైపే చూపుతాయి. సైబర్ భద్రతా ఉద్యోగి స్థితియు ఇట్టిదే.

సినిమాలలో క్షణాలలో శత్రువును పట్టుకొనే వీరుడు కనిపిస్తాడు. వాస్తవం వేరు. బ్యాంకుల, ఆసుపత్రుల, కంపెనీల కంప్యూటర్లను రేయింబవళ్లు గమనించే కేంద్రాలున్నాయి. కొత్తగా చేరినవారు అక్కడ వంతుల వారీగా కూర్చొని హెచ్చరికలను పరిశీలిస్తారు. వాటిలో అధికభాగం ఉత్తవే. ఎవరో పాస్‌వర్డ్ మరచి తప్పుగా కొట్టి ఉంటారు. ఆ ఉత్తవాటి నడుమ నిజమైనది ఒకటి దాగి ఉంటుంది. విసుగుతో దానిని దాటవేస్తే ముప్పు తప్పదు. చూచినదంతా స్పష్టంగా వ్రాసిపెట్టడం కూడా వారి బాధ్యతే.

2017 మే 12న వానాక్రై అనే దాడి ప్రపంచాన్ని కుదిపివేసింది. కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, సొమ్ము చెల్లిస్తేనే విడిపిస్తామని బెదిరించింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల పనులు స్తంభించాయి. పొరుగున చిత్తూరు మొదలు శ్రీకాకుళం వరకు ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లూ దాని పాలబడ్డాయి. అయితే ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. దానిని వేసికొన్న కంప్యూటర్లు నిలిచాయి. చిన్న గండిని సకాలంలో పూడ్చడమే ఈ వృత్తిలో ప్రధాన కార్యం.

ఆ దాడిని అడ్డుకొన్నది మార్కస్ హచిన్స్ అనే ఆంగ్లేయ యువకుడు. ఆ ప్రోగ్రాములో దాగిన ఒక వెబ్ చిరునామాను గమనించి దానిని నమోదు చేయించగా వ్యాప్తి ఆగింది. లోకం ప్రశంసించింది. కాని పూర్వం బ్యాంకు వివరాలను దొంగిలించే ప్రోగ్రాము తయారీలో పాల్గొన్నందుకు అదే ఏడాది ఆగస్టులో అమెరికాలో అరెస్టయి, 2019లో నేరం అంగీకరించాడు. విద్య ఒక్కటే, దారులు రెండు. మన దేశంలోనూ అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటరులో ప్రవేశించడం 2000వ సంవత్సరపు ఐటీ చట్టం ప్రకారం తప్పు. దురుద్దేశం రుజువైతే మూడేండ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

ఇక శ్రమ సంగతి. 2022లో కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశం ప్రకారం దాడి తెలిసిన ఆరు గంటలలోగా తెలియజేయాలి. ఆ ఆరు గంటలలో పండుగా ఉండదు, పెండ్లీ ఉండదు. రాత్రి డ్యూటీ అనగానే ఆడపిల్లను మాన్పించనక్కరలేదు. రాకపోకల ఏర్పాట్లు విచారించి పంపవచ్చు.

తల్లిదండ్రులు ఉద్యోగం ఖాయమనే ప్రకటనలు నమ్మి అప్పుచేసి లక్షలు కట్టరాదు. ముందు కంప్యూటర్ల, నెట్‌వర్కుల మూలసూత్రాలు గట్టిపడాలి. అందుకు ఐఐటీల ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితంగానే లభిస్తున్నాయి. చాలామంది చిన్న సాంకేతిక ఉద్యోగాలతో ఆరంభించి ఈ రంగంలోకి వస్తారు.

నివేదికలు ఇంగ్లీషులో ఉంటాయి గనుక ఆ భాష నేర్వక తప్పదు. ఈ నిజాన్ని దాచడం పిల్లలకు మేలు కాదు. కాని భాష అభ్యాసంతో వస్తుంది. ఓర్పు, తర్కం, నిజాయితీ మాత్రం బాల్యంలోనే నాటుకోవాలి. వాటికి మాధ్యమం అడ్డు కాదు. పైగా మోసగాడు అవ్వకు ఫోను చేసి ఓటీపీ అడిగేది ఆమె మాతృభాషలోనే. ఆమెకు తెలుగులో నచ్చజెప్పి, మోసం జరిగితే వెంటనే 1930కి ఫోను చేయించగల బిడ్డ, ఉద్యోగం రాకముందే ఆ ఇంటికి కావలి.

ఎవరూ చూడని వేళ కూడా పనిని సక్రమంగా చేసే అలవాటు ఈ తరగతి గదులలో అలవడితే, కట్టపై నిలువగల పిల్లలు ఇక్కడినుండే వెళ్తారు.