కార్జము తిరిగి పెరుగు విధము
(వికారాబాదు, తాండూరు ప్రాంతముల పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా,

కంది తల తుంచుట తాండూరు రైతులకు తెలిసిన పనియే. తుంచిన కొన మరల మొలవదు; ప్రక్క కొమ్మలు సాగి చెట్టు గుబురగును. మన శరీరములో ఇట్టి స్వభావము గల అవయవమొకటి కలదు. దానిని మనము కార్జమందుము, వైద్యులు కాలేయమందురు. కుడి ప్రక్కటెముకల చాటున నుండును. పెద్దవారిలో ఇంచుమించు ఒకటిన్నర కిలోల బరువు.

1931లో అమెరికాలో హిగ్గిన్స్, ఆండర్సన్ అనువారు ఎలుకల కార్జములో మూడింట రెండు వంతులు కోసి తీసివేసిరి. కొలది వారములలో మిగిలిన భాగమే పెరిగి లోటు పూడ్చెను. కోసిన తమ్మె తిరిగి రాలేదు. మిగిలిన తమ్మెలలోని కణములు రెండుగా చీలుచు పెరిగి, లోటు తీరగానే ఆగినవి. ఆ ఆగుటయే ఇందు విశేషమని నాకు తోచును. ఆగని పెరుగుదలయే గదా క్యాన్సరు! ఈ గుణము వలననే నేడు కుమారుడు తండ్రికి తన కార్జములో కొంత పంచి ఈయగలుగుచున్నాడు.

కామెర్లకు పసరు పోయించుట మన పల్లెలలో వాడుక. కలుషిత జలము వలన వచ్చు కామెర్లు చాలవరకు వాటంతట అవియే తగ్గును. అప్పుడు కార్జము తన్ను తాను బాగుచేసికొనును. పేరు మాత్రము పసరుకు దక్కును. రోగి మగతగా పడియున్నను, మాట తడబడినను, పసరు కొరకు ఒక్క గడియయైనను ఆగరాదు. ఆసుపత్రికి చేర్పవలెను.

అట్లయిన సారా త్రాగువాని కార్జము ఏల బాగుపడదని మీరడుగవచ్చును. దెబ్బ తగిలి ఆగినచో కణములు పూడ్చుకొనును. సారాయో, హెపటైటిస్ బి క్రిమియో ఏండ్ల తరబడి బాధించినచో, కణములుండవలసిన చోట మచ్చవంటి గట్టి నార పేరుకొనును. నాపరాయి పరచియున్న చోట వేరు దిగనట్లే, ఆ నార ముదిరిన పిమ్మట కణములకు తావుండదు.

ఇక ప్రయోగశాల మాట. కార్జపు కణములను విడదీసి గాజుపాత్రలో బ్రతికింపవచ్చును గాని, అవి కొలది దినములలోనే తమ పని మరచును. హైదరాబాదు వైద్యులు డాక్టరు సి. ఎం. హబీబుల్లాయు, వారి సహచరులును పిండకార్జ కణములను కొలదిమంది రోగులకెక్కించి, ఆ ఫలితములను 1994లో ప్రకటించిరి. 2013లో జపానులోని యొకొహామాలో మూలకణముల నుండి కార్జపు మొలకలను పెంచి ఎలుకలలో నాటిరి. అవి మిక్కిలి చిన్నవి. మనుష్యునకు సరిపడు కార్జమును ఏ ప్రయోగశాలయు ఇంకను పెంచలేదు. కావున మూలకణముల సూదితో క్రొత్త కార్జమిత్తుమను వారి మాట నమ్మి ఎవ్వరును పొలమమ్ముకొనకుండ చూడుడు.

నిశ్చయముగా చేతికందినది టీకా. 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ సంస్థ ఈస్టు కణములను పెంచి, వాటిచేత హెపటైటిస్ బి టీకాకు కావలసిన పదార్థమును చేయించెను. ఈ విధమున దేశములో తయారైన మొదటి టీకా అదియే. తల్లి నుండి ఈ క్రిమి సోకిన శిశువులలో ఎక్కువ మందికి అది జన్మాంతము నిలిచిపోవును. అందుచేత మొదటి మోతాదు పుట్టిన 24 గంటలలో పడవలెను. ప్రభుత్వ ఆసుపత్రులలో ఇది ఉచితము. తండాలోనో, త్రోవలోనో కాన్పు జరిగినచో, ఆ దినము దాటకుండ తల్లీబిడ్డలను వికారాబాదుకో, తాండూరుకో చేర్చు బండి సంగతి మీ పంచాయతీ ముందుగనే తేల్చుకొనవలెను.