పగడపు తొట్టెలు - పరీక్షాపెట్టెల మాట



చెన్నపట్టణమందలి కొళత్తూరు అలంకార మత్స్యముల వర్తకమునకు పేరుపొందిన చోటు. అచ్చట అంగడి నడుపుకొనుచున్న తెలుగువారిలో మేమును ఉన్నాము. మా వృత్తినిగూర్చి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు కోరినందున, ఉప్పునీటి పగడపు తొట్టెలు పెట్టుకొన్నవారిని మిక్కిలి వేధించు విషయమునే ఎత్తుకొనుచున్నాము. అది నీటిని పరీక్షించు పెట్టెల సంగతి.

మా త్రాసునకు తూనికలు కొలతల శాఖవారు ముద్ర వేయుదురు. ముద్ర లేని తూనికరాళ్ళతో వ్యాపారము చేసినచో 2009 నాటి చట్టము క్రింద శిక్ష గలదు. తొట్టెలవారు ఇంటికి కొనుక్కుపోవు పరీక్షాపెట్టెకు అట్టి ముద్ర లేదు. అయినను దాని మాట నమ్మియే గృహస్థులు తొట్టెలో ద్రావణములు పోయుచున్నారు.

పగడము తన గూడు కట్టుకొనుటకు నీటిలోని కాల్షియమును, క్షారతను వాడుకొనును. సముద్రజలమున లీటరునకు సుమారు 410 మిల్లీగ్రాముల కాల్షియము ఉండును. క్షారత 7 డిగ్రీలకు దగ్గరగా నుండును. పెట్టె తక్కువ చూపినదని తొందరపడి క్షారద్రావణము మితిమీరి పోసినచో, కాల్షియము సున్నపు పొడిగా విడివడి నీరు పాలవలె తెల్లబడును. ఏండ్ల తరబడి పెంచిన పగడము ఒక్క రాత్రిలో పాడగుటయు గలదు. దోషము నీటిది కాదు, కొలతది. పోయిన ధనము మరల సంపాదింపవచ్చును, పోయిన ప్రాణము రాదు గదా!

కొన్ని పెట్టెలలో ఒక్కొక్క చుక్క ఒక డిగ్రీకి లెక్క. అప్పుడు క్షారత 8.1 ఉన్నను, 8.9 ఉన్నను తొమ్మిదవ చుక్కకే రంగు మారును. ఇది పెట్టె ఆడిన అబద్ధము కాదు, దాని మెట్టు అంతటిదే. పరీక్షకు నీటిని రెట్టింపు తీసికొన్నచో చుక్క విలువ సగమగును.

పెట్టెనే పరీక్షించు ఉపాయము ఒకటి గలదు. స్వచ్ఛమైన వంటసోడా 3 గ్రాములు కంసాలి త్రాసులో తూచి (చాకలిసోడా పనికిరాదు), స్వేదనజలమున కరగించి ఒక లీటరు చేయుడు. అందులో 100 మిల్లీలీటర్లు తీసి, మరల స్వేదనజలముతో ఒక లీటరు చేయుడు. ఆ నీటి క్షారత 10 డిగ్రీలు. మీ పెట్టె 12 చూపినచో, ఇక అది చెప్పు ప్రతి లెక్కలోను ఆరవవంతు తీసివేయుడు. వెల హెచ్చు పెట్టెయే నిజము చెప్పునని మేమెన్నడును అనము.

నైట్రేటు సంగతి వేరు. కొన్ని పెట్టెలలో రెండవ సీసా అడుగున పొడి పేరుకొనును. అరనిమిషము గట్టిగా కుదుపక చుక్కలు వేసినచో ఉన్న నైట్రేటు కూడ తక్కువగా కనబడును. తమ తొట్టెలోనిది గంగాజలమని మురియువారిలో పలువురు సీసా కుదుపనివారే. రంగును పసుపుపచ్చని దీపము క్రింద పోల్చరాదు. లవణమును చూచు రిఫ్రాక్టోమీటరును స్వేదనజలముతో సున్నకు తెచ్చినంతమాత్రమున చాలదు. 35 అంకము గల ప్రమాణద్రావణముతో సరిచూడవలెను.

సందర్భవశమున ఒక మాట. మన సముద్రములనుండి దిబ్బపగడములను తీయుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. ఎవరైన చవుకగా తెచ్చి చూపినచో కొనవలదు.

ద్రావణము పోయుటకు ముందు రెండుమార్లు పరీక్షించి చిట్టాలో వ్రాసికొనుడు. సందేహమున్నచో మా అంగడికి నీరు తీసికొని రండు. వేరొక పెట్టెతో రుసుము లేక చూచి చెప్పెదము. సీసాను సబ్బుతో కడుగక, తొట్టెనీటితోనే మూడుమార్లు తొలిచి అంచువరకు నింపుడు.