మన నేత మన పిల్లల ఒంటి మీద
(షోలాపూర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ మాటలు ముఖ్యంగా వెనక వరుసలో నిలబడ్డ పిల్లల కోసమే.

మా తాతలు తెలంగాణ పల్లెల నుంచి మూటాముల్లె సర్దుకొని ఈ ఊరు వచ్చారు. మేము సాంచెల చప్పుడులోనే పుట్టి పెరిగాం. షోలాపూర్ చద్దరుకు జీఐ గుర్తింపు కూడా ఉంది. అయినా ఒక మాట చెప్పాలంటే సిగ్గేస్తోంది. మొన్న మా ఇంటి పెళ్ళిలో వియ్యాలవారి పెద్దాయన ఒకరు మా పిల్లవాడి చొక్కా పట్టి చూసి, "ఇది మీరు నేసిందేనా బాబూ?" అని అడిగారు. వాడు తల దించుకున్నాడు. లోపల టీషర్టు, మీద చొక్కా, ఆ పైన కోటు, మూడూ పాలిస్టరే!

పిల్లల్ని తిట్టి లాభం లేదు. ఒకదాని మీద ఒకటి వేసుకోవడం మనకు కొత్తేమీ కాదు. లాల్చీ, భుజాన కండువా, చలికాలమైతే పైన చద్దరు. మన తాతలు చేసిందీ ఇదే. ఇప్పుడు మనం నూలు బట్టతో చేసి చూపాలి.

మొదటిది, లోపలిది పల్చన, పైది మందం. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుందని మనకు వేరే చెప్పాలా? లోపల తెల్లటి కాటన్ టీషర్టు, దాని మీద గుండీలు పెట్టకుండా మంగళగిరి చొక్కా. అది దొరక్కపోతే మీ ఊరి మగ్గం మీది సాదా గుడ్డ చాలు. సాయంత్రం చలిగాలి ఉంటే చేతుల్లేని కోటు.

రెండోది, గళ్ళయినా పోచంపల్లి ఇక్కత్ అయినా ఒక్కదానికే. మిగతావి సాదాగా ఉండాలి.

మూడోది, పైది విప్పినా కిందిది నలుగురిలో బాగుండాలి. మన షోలాపూర్ ఎండకు మధ్యాహ్నానికల్లా కోటు చేతిలోకి వచ్చేస్తుంది కదా!

కుట్టించే ముందు గుడ్డను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి నీడన ఆరేయండి. లేకపోతే మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయి, "చేనేత ఇంతే" అనే మాట మన మీదకొస్తుంది. చద్దరుతో కోటు కుట్టిస్తే పువ్వు వీపు మధ్యకు వచ్చేలా కత్తిరించమనండి. కత్తిరించిన అంచుల్లో దారాలు ఊడతాయి, వెంటనే ఓవర్‌లాక్ చేయించి లోపల పల్చటి నూలు లైనింగు వేయించండి. ఇంకో మాట. సాంచె బట్టను సాంచె బట్ట అనే చెబుదాం, చేనేత అని అంటగట్టొద్దు. రెండూ మన చేతి కష్టమే.

చద్దరు ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి ఉంటుంది. చొక్కాలు మాత్రం ప్రతి పండక్కీ కొంటారు. ఆ గిరాకీ మనకు రావాలంటే ముందు మన పిల్లలే తొడుక్కోవాలి. మనమే తొడుక్కోని బట్ట ఊళ్ళోవాళ్ళు ఎందుకు కొంటారు?

ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. ఆ రోజు ప్రతి ఇంటి మగపిల్లవాడి ఒంటి మీద మన నేత ఒక్కటైనా ఉండాలి. "ఇది మీరు నేసిందేనా?" అని ఎవరైనా అడిగితే, ఈసారి వాడు తలెత్తి "అవును" అనాలి.

సెలవు.