ఆరు రోజుల ఫుటేజీ దేనికి? సీసీ కెమెరా రికార్డింగ్ సెట్టింగ్స్ కథ

ఈరోజు సీసీ కెమెరా రికార్డింగ్ క్వాలిటీ గురించి మాట్లాడుకుందాం. "అన్నీ ఫుల్‌లో పెట్టేస్తే సరిపోతుంది కదా బ్రో" అనేవాళ్ల కోసమే ఈ ఎపిసోడ్.

మా మామకి బత్తలపల్లెలో ఎరువుల అంగడి ఉంది. నాలుగు కెమెరాలు, 1 టీబీ హార్డ్‌డిస్క్. మొన్న ఒక పెద్దాయన వచ్చి, "పాత బాకీ 18 వేలు ఇరవై రోజుల కిందటే కట్టినా కదప్పా" అన్నాడు. ఖాతా పుస్తకంలో మాత్రం ఎక్కలేదు. మా పక్క సంగతి మీకు తెలుసు, వాన పడితే బుడ్డలు, పడకపోతే అప్పులు. ఆయనకి 18 వేలంటే మాటలు కాదు. ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కాదు. సరే, కెమెరాలో చూద్దామన్నారు. ప్లేబ్యాక్ తెరిస్తే ఆరు రోజులు కూడా లేదు! చెరి సగం అనుకుని సర్దుకున్నారు గానీ, పెద్దాయన మళ్లీ ఆ అంగడి మెట్టెక్కలేదు.

ఎందుకు ఆరు రోజులే? బిట్‌రేట్ వల్ల. అంటే సెకనుకి డిస్క్‌లోకి పోయే డేటా. ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి: 1 ఎంబీపీఎస్ అంటే రోజుకి 10.8 జీబీ. అక్కడ ఒక్కో కెమెరా హెచ్.264లో 4 ఎంబీపీఎస్ మీద ఉంది. నాలుగూ కలిపి రోజుకి 172.8 జీబీ. డిస్క్ నిండగానే పాతది చెరిపేసి దాని మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. అడగదు, చెప్పదు.

ముందు హెచ్.265కి మార్చాను. అదే బొమ్మకి ఇంచుమించు సగం డేటా చాలు. ఫ్రేమ్ రేట్ 25 నుంచి 12కి దించాను. అంగడిలో ఎవరూ పరుగు పందెం పెట్టుకోరు కదా.

తర్వాత అసలు విషయం. నాలుగు కెమెరాలకీ ఒకే సెట్టింగ్ పెట్టకండి. కౌంటర్ కెమెరాకి 1080పి, 3 ఎంబీపీఎస్ ఇచ్చాను. గోడౌన్, గేటు, వెనక వసారా, ఈ మూడింటికీ 720పి, 768 కేబీపీఎస్. రోజుకి మొత్తం 57 జీబీ. 2 టీబీ డిస్క్ వేస్తే దాదాపు 35 రోజులు వస్తుంది. రిజల్యూషన్ పెద్దది పెట్టి బిట్‌రేట్ మరీ పిండేశారనుకోండి, మనిషి నిలబడి ఉంటే బాగానే కనిపిస్తాడు, కదిలాడంటే మొహం ముద్ద అయిపోతుంది.

రాత్రిపూట ఇంకో తంటా. చీకట్లో బొమ్మ మీద చుక్కలు లేస్తాయి, వాటినీ కెమెరా కదలిక అనుకుని డేటా తాగేస్తుంది. అందుకే వేరియబుల్ పెట్టినా మ్యాక్సిమమ్ బిట్‌రేట్ కచ్చితంగా కట్టేయండి. మోషన్ రికార్డింగ్ అంటారా, మా ఊరి గాలికి దుమ్ము లేచినా, వేపకొమ్మ ఊగినా మోషనే. కౌంటర్ దగ్గర మాత్రం 24 గంటలూ రికార్డ్ అవ్వాల్సిందే.

ఇంకోటి. కొత్త మనిషి మొహం గుర్తుపట్టాలంటే మీటరుకి 250 పిక్సెల్స్ ఉండాలని 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణం. 1080పిలో అడ్డంగా ఉండేవి 1920. అంటే కెమెరా ఏడున్నర మీటర్ల కంటే వెడల్పు చూపిస్తుంటే, ఎవరో వచ్చారని తెలుస్తుంది, ఎవరొచ్చారో తెలీదు. నోట్లు లెక్కపెట్టేది కనపడాలంటే ఇంకా చాలా దగ్గరగా చూడాలి. మామ కెమెరా మూల మీద సీలింగ్‌కి ఉండేది. దాన్ని కిందికి దించి, బల్ల మీదికే తిప్పాం.

30 రోజులు నా సొంత లెక్క కాదు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు జరిగాక, అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చట్టం వచ్చింది. జనం ఎక్కువగా చేరే చోట్ల కెమెరాలు పెట్టాలి, ఫుటేజీ 30 రోజులు దాచాలి అంటుంది. చిన్న అంగడికి అది వర్తించకపోవచ్చు, కానీ కొలతగా బాగుంది.

కోర్టుదాకా పోతే ఇంకో మెలిక ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ జతచేయాలి, అందులో హ్యాష్ విలువ కూడా ఉండాలి. కాబట్టి స్క్రీన్‌ని ఫోన్‌తో వీడియో తీసి వాట్సాప్‌లో పంపడం కాదు, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయండి.

ఇప్పుడే లేచి మీ ఇంటి డీవీఆర్‌లో అన్నిటికంటే పాత తేదీ ఏదో చూడండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కరెంటు పోయినప్పుడు రికార్డింగ్ ఆగకుండా ఏం చేయాలో చూద్దాం.