ఇంటి లెక్కలో చేరని గంటలు



పేదరికమును విచారింప వచ్చిన ఉద్యోగి ఇంటివారిని భూమి యెంత, రాబడి యెంత, అప్పెంత అని అడుగును. ఇల్లాలికి దినమునకు ఎన్ని గంటలు మిగులుచున్నవని అడుగుట అరుదు. జనాభా లెక్కలలో సైతము, ఇంటిపని మాత్రమే చేయు స్త్రీ 'పని చేయనివారి' పట్టికలోనే చేరుచున్నది.

1977లో అమెరికా ఆర్థికశాస్త్రవేత్త క్లేర్ వికరీ ఈ విషయమును విశదముగా చర్చించినారు. సంసారము నిలుచుటకు ధనము వలెనే కాలము కూడ కావలెను. ధనవంతునికి వేళ చాలనిచో వంటమనిషిని పెట్టుకొనును. పేదయింట కొనుటకు డబ్బు లేదు, చేయుటకు వేళ లేదు. ఈ రెండవ లేమి ఎవరికిని కనబడదు.

జువ్వలదిన్నె వంటి తీరగ్రామములో దీనిని గ్రహించుట సులభము. చేప నిలువ ఉండు సరకు కాదు; ప్రొద్దెక్కిన కొలది దాని ధర తరుగును. గంప నెత్తిన పెట్టుకొని దూరపు సంతకు పోగలిగిన స్త్రీకి మంచి ధర దొరకును. ఇంట చంటిబిడ్డ యున్నను, ముసలి అత్తకు జ్వరము వచ్చినను, ఆమె రేవు దగ్గరనే వర్తకుడు చెప్పిన ధరకు ఇచ్చివేసి ఇల్లు చేరవలసినదే. ఆనాడు ఆమె పోగొట్టుకొన్న సొమ్ము ఏ లెక్కలోను వ్రాయబడదు. ఆ లోటును పూడ్చుటకు ఒక్కొక్కప్పుడు పెద్దకూతురు బడి మానును. తల్లికి లేని వేళ బిడ్డ వేళలో నుండి తీయబడినదన్న మాట.

తూర్పుతీరమున యంత్రపు పడవలకు ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు వేట నిషేధము. పడవ ఒడ్డున నిలుచును, వల బాగుచేయబడును, పురుషునికి కొంత విశ్రాంతి లభించును. పొయ్యికి మాత్రము నిషేధము లేదు. రాబడి లేని ఆ దినములలో చౌకగా గడుపుకొనవలెనన్న భారము కూడ ఆమెపైననే పడును. సరుగుడు తోపులలో పుల్లలేరి, నూకలు చెరిగి, అప్పు అడుగుటకు నాలుగిండ్లు తిరుగుటకు పట్టు గంటలు ఎవరివి? ఇట్లనుట పురుషుని కష్టమును తక్కువ చేయుట కాదు. నడిసముద్రములో గాలివానకు చిక్కినవాని శ్రమను తూచు త్రాసు లేదు. అయితే ఆతని పనికి ముగింపు వేళ యున్నది.

మన దేశమున 2019లో తొలిసారిగా దేశమంతటను కాలవినియోగ సర్వే జరిగినది. తెల్లవారుజామున 4 గంటల నుండి మరునాటి 4 గంటల వరకు దినమును అరగంటలుగా విభజించి ఎవరేమి చేసినారో వ్రాసికొన్నారు. కూలి లేని ఇంటిపనులలో పాల్గొన్నవారు స్త్రీలలో 100కు 81 మంది, పురుషులలో 26 మంది. పాల్గొన్న స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములు, పురుషుడు 97 నిమిషములు వెచ్చించినారు. 2024 సర్వేలో అవి 289, 88 నిమిషములైనవి. స్త్రీకి పది నిమిషములు తగ్గినవని సంతోషింపబోవునంతలో పురుషునికి తొమ్మిది తగ్గినవి!

ఇంకొక వింత. 1993 నాటి ఐక్యరాజ్యసమితి జాతీయ లెక్కల పద్ధతి ననుసరించి ఇంటికై నీరు మోసి తెచ్చుట ఉత్పత్తియే. ఆ నీటితో ఎసరు పెట్టుట ఉత్పత్తి కాదు. ఈ గీత అచ్చటనే ఏల గీచినారో వంటయింటివారికి బోధపరచుట కష్టము.

గంటలు చేతికి వచ్చిన స్త్రీలు ఏమి చేయుదురన్న ప్రశ్నకు ఈ జిల్లాయే సమాధానము చెప్పినది. 1990 దశకారంభమున నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము సాగినది. పగలంతయు కూలికి పోయి, రాత్రి వంట ముగించి, నిద్రలో కొంత తగ్గించుకొని స్త్రీలు పలకలు పట్టినారు. దూబగుంటలో ఆ చదువు, ఆ కూడిక, సారా మాటకు దారితీసినవి. మగవాని కూలి సారా అంగడికి పోయినచో ఆ వెలితిని ఆడుది అదనపు గంటలతో పూరింపవలసి యుండెను. 1992లో రోశమ్మ మొదలగువారు సారాను ఊరిలోనికి రానీయలేదు. ఆ కథ 'ఆడవాళ్ళు ఏకమైతే' అను పాఠమై ఇతర గ్రామములకు చేరినది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడినను, రోజుకొక్క రూపాయి కూడబెట్టు పొదుపు సంఘములు ఈ జిల్లాలో వేరూనినవి.

ఆ సంఘములు చేసిన మేలు గొప్పది. ఐనను సమావేశమునకు, బ్యాంకునకు, శిక్షణకు పిలుచువారందరును స్త్రీ తీరికను ఊరక దొరకు వస్తువుగా ఎంచినారు. 1999లో మొదలైన దీపం పథకము ఇందుకు భిన్నమైనది. వంటగ్యాసు వచ్చిన ఇంట పుల్లలేరు వేళ, పొగలో కన్నులు నులుముకొను వేళ తగ్గినది. కొళాయి, శిశుకేంద్రము, రేవు దగ్గర మంచు, చేపలు చేరవేయు బండి కూడ స్త్రీకి గంటలనిచ్చునవే. ఈ దృష్టితో పంచాయతీ ఖర్చులను పరిశీలించినవారు తక్కువ.

గ్రంథాలయముల మాట కూడ చెప్పవలెను. పల్లెలలో పఠనమందిరములు సాధారణముగా ఉదయమును, సాయంకాలమును తెరచి యుండును. ఆ రెండును పొయ్యి వెలుగు వేళలే. చందాదారుల పట్టికలో స్త్రీల పేర్లు తక్కువగా నున్నచో వారికి చదువునందు ఆసక్తి లేదని తలచుటకు ముందు గడియారము చూడవలెను. చేపల అమ్మకము ముగిసి, అన్నము తిని, బిడ్డలు బడి నుండి తిరిగి రాకమునుపు, మధ్యాహ్నము రెండు మొదలు నాలుగు వరకు తీరగ్రామపు స్త్రీకి కొంత వెసులుబాటున్నది. ఆ వేళ తలుపు తీయుటకు కావలసినది ఒక తాళపుచెవి, ఒకరి రెండు గంటల కాలము. ఆ కాలమును ఈమారు పురుషులిచ్చిన బాగుండును.