సగము సాక్ష్యము, పూర్తి తీర్పు

(పట్టణ పఠనమందిరమున ఒక న్యాయవాది గావించిన ఉపన్యాసము)



నేటి సాయంకాలము నేను విచారింపదలచిన విషయము ఎక్కడనో దూరదేశమున లేదు. ప్రతి రాత్రియు మన యింటి హాలులోనే జరుగుచున్నది. దానికి రియాలిటీ షో యని పేరు. రియాలిటీ యనగా వాస్తవము. ఆ పేరు దానికెంతవరకు తగును? ఆ వాస్తవమును నిత్యము చూచుటవలన మన సంసారములకు కలుగుచున్న ఫలమేమి? ఈ రెండు ప్రశ్నలను మీ ముందుంచుటయే నా యుద్దేశము.

నేను టెలివిజన్‌ను దూషించుటకు రాలేదు. 1996లో ఈటీవీలో ప్రారంభమైన ‘పాడుతా తీయగా’ యును పోటీయే. కీర్తిశేషులు ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారు పాడువారి తప్పులను సభలోనే దిద్దెడివారు. కాని ఆ దిద్దుబాటు పాటకే గాని, పాడినవారికి పరాభవము కాకుండెడిది. ఇంటిల్లిపాదియు కూర్చుండి విని, శ్రుతి యననేమో, ఉచ్చారణ యననేమో కొంత తెలిసికొనిరి. కావున పోటీ యుండుట దోషము కాదు. దేనిపై పోటీ యనునదే ప్రశ్న.

1999లో హాలెండు దేశమున ‘బిగ్ బ్రదర్’ అను పేర పుట్టిన యొక పద్ధతి 2006లో హిందీలోనికిని, 2017 జూలైలో తెలుగులోనికిని ‘బిగ్‌బాస్’ అను పేర దిగుమతి యైనది. కొందరు స్త్రీపురుషులను వారముల తరబడి యొక యింట నుంచెదరు. వారికి పత్రిక లేదు, ఫోను లేదు, ఎటుచూచినను కెమెరా. వారు ఒండొరులను బయటికి పంపదగినవారినిగా ‘నామినేటు’ చేయవలెను, ప్రజలు ఓట్లు వేయవలెను, ఒకరు వెడలవలెను. ఇక్కడ పరీక్షకు పెట్టబడునది విద్య గాదు, నడవడి.

సాక్ష్యమును శోధించుట నా వృత్తి. ఆ దృష్టితో ఒకమారు చూడుడు. ఆ యింట దినమునకు 24 గంటలు. రాత్రివేళ ఇంటింట జనులు చూచునది సుమారొక గంట. తక్కిన గంటలేమైనవి? అలిగినవానిని పిలిచి అన్నము పెట్టిన పూట, తలనొప్పితో పండుకొన్నవారి పని మరియొకరు చేసిన పూట, ఏ కలహమును లేక గడచిన మధ్యాహ్నము, ఇవి కత్తెరకు ఆహుతి కావచ్చును. ఆ కత్తెరకు ప్రమాణము న్యాయము గాదు; ప్రేక్షకుని కన్ను తెరనుండి కదలకుండుట. ముందుమాటను తీసివేసినచో బదులుమాట దుర్భాషగా వినబడును. అట్టి ముక్కను న్యాయస్థానమున దాఖలు చేసినచో ఎదుటిపక్షపు వకీలు లేచి, “దీనికి ముందేమి జరిగినది? దీనిని కోసినవారెవరు?” అని నిలదీయును. మన హాలులో ఆ ప్రశ్న వేయు వకీలు లేడు. సాక్ష్యము సగము, తీర్పు పూర్తి.

అట్టి తీర్పు ఎంతదూరము పోగలదో చూచితిమి. 2023 డిసెంబరులో తెలుగు బిగ్‌బాస్ ఏడవ విడత ముగిసిన రాత్రి, హైదరాబాదులో అన్నపూర్ణ స్టూడియో చెంత గుమిగూడిన అభిమానులలో కొందరు ఆర్టీసీ బస్సుల అద్దములను పగులగొట్టిరి. ఎవరు గెలిచినను ఓడినను ఆ బస్సులకేమి సంబంధము?

“ఇదంతయు వినోదమే గదా! పూర్వము మాత్రము జనులు వీధికుళాయి కడ తగవులను చూడలేదా?” అని కొందరందురు. చూచిరి. కాని ఆ చూచువారు ఇరుపక్షముల పూర్వోత్తరములను ఎరుగుదురు. మరునాడు ఆ యిరువురితోడను అదే వీధిలో బ్రదుకవలసినవారు. అందుచేత తగవు ముదిరినపుడు ఒక పెద్దమ్మయో, ఒక తాతయో నడుమ వచ్చి, “ఇక చాలించుడు” అనెడివారు. తెరపై తగవునకు అట్టి పెద్ద లేడు. తగవు చల్లారినచో సరకు చెడును గనుక, అది చల్లారకుండుటయే వ్యాపారమునకు లాభము.

ఇప్పుడు మన సంసారములను చూడుడు. విడాకులకై వచ్చు దంపతులలో కొందరు ఫోనులో చిత్రించిన అరనిమిషపు ముక్కను నాకు చూపి, “చూడుడు, ఈమె యెట్టిదో! చూడుడు, ఈయన యెట్టివాడో!” అనుచున్నారు. ఇది యంతయు టెలివిజన్ చలువ యని నేననను. కాని పదునైదేండ్ల కాపురమును అరనిమిషముతో కొలుచు ఆ చూపును, ఈ కార్యక్రమములు నేర్పు చూపును ఒక్కటియే. 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము 9వ సెక్షను, మొదట దంపతులను రాజీపరచుటకు యత్నింపుమని న్యాయమూర్తిని శాసించుచున్నది. చట్టము మొదట కలుపుమనుచున్నది. ఆట వారమునకొకరిని వెడలగొట్టుమనుచున్నది. మన బిడ్డలు ఈ రెంటిలో దేనిని కుటుంబధర్మముగా నేర్చికొనవలెను?

బిడ్డలను ఆ తెరపైకే ఎక్కింపగోరు తలిదండ్రులకు ఒక మాట. 2017 నాటి బాలకార్మిక నిబంధనల ప్రకారము బిడ్డచేత దినమునకు 5 గంటలకు మించి పని చేయింపరాదు; విశ్రాంతి లేక 3 గంటలు మించరాదు; ఆర్జనలో కనీసము 20 శాతము బిడ్డ పేర బ్యాంకులో వేయవలెను. పెద్దల శృంగారచేష్టలను పిల్లలచేత ఆడింపవద్దని 2019 జూన్‌లో కేంద్రప్రభుత్వము ఛానళ్లకు హితవు చెప్పినది. బిడ్డ చప్పట్లను విని మురియు తల్లిదండ్రులు ఈ లెక్కలను కూడ అడుగవలెను.

ఇక కర్తవ్యమేమి? సెట్టును పగులగొట్టుమని నేను చెప్పను. అసభ్యము కనబడినచో ఫిర్యాదు చేయుడు. 2021 నాటి కేబుల్ టెలివిజన్ సవరణ నిబంధనలను బట్టి ఛానలువారు 24 గంటలలో ఫిర్యాదు అందినదని తెలిపి, 15 దినములలో పరిష్కరింపవలెను. తృప్తి లేనిచో పైసంస్థకు అప్పీలు కలదు. దీనికి వకీలు అక్కరలేదు, ఒక్క ఉత్తరము చాలును. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. ఇంట కలిసి చూచునపుడు, ఎవరినైనను చెడ్డవారని బిడ్డ నిశ్చయించిన తోడనే, “దీనికి ముందేమి జరిగియుండును?” అని అడుగుడు. ఆ ప్రశ్న అలవాటైన బిడ్డ రేపు తన యన్నను, తన కోడలిని, తన పొరుగువానిని ఒక్క మాటను బట్టి శిక్షింపడు.

సోదరులారా! ఆ తెరయింట ఓడినవాడు పెట్టె సర్దుకొని బయటికి పోవును. ఆటలో అతని కథ ముగియును. మన యింట ఓడినవాడు ఆ రాత్రియే మన ప్రక్కన కూర్చుండి భోజనము చేయవలెను. అతనికి విస్తరి వేయుట నేర్పలేని వినోదము ఎంత రమ్యమైనను మన సంసారమునకు గురువు కాజాలదు.