పన్ను పనా, ఆడిట్ పనా?

(మొగుడంపల్లిలో పాల సంఘ సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు గారి ప్రసంగ పాఠం)



ఇందాక పాల కేంద్రం దగ్గర ఒక సభ్యులు నన్ను ఆపి, "సారూ, మా బిడ్డ బి.కాం. పాసయింది. టాక్సు పని నేర్పించాల్నా, ఆడిట్ పని నేర్పించాల్నా?" అని అడిగారు. రెండు బర్రెల పాల మీద చదివించిన బిడ్డ. ఈ ప్రశ్న ఇంకా కొందరి ఇళ్లల్లో ఉంటుందని అందరి ముందూ జవాబు చెబుతున్నాను.

పన్ను పని చేసేవారు లెక్కను చట్టంతో సరిచూస్తారు. సభ్యుల పాలను సమాఖ్యకు పోసే ప్రాథమిక సంఘానికి ఆ లాభం మీద 1961 ఆదాయపు పన్ను చట్టం, 80పి సెక్షను కింద, పూర్తి మినహాయింపు ఇచ్చింది. అయితే రిటర్ను గడువులోగా వేస్తేనే అది దక్కుతుందని 2018లో నిబంధన వచ్చింది. ఒక్క తేదీ మరిచితే మీ బోనసు డబ్బుకే ఎసరు. నెయ్యి మీద 12 శాతం ఉన్న జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమయింది. ఈ పనిలో ఏటేటా కొత్తగా చదవవలసిందే.

ఆడిటరు లెక్కను నిజంతో సరిచూస్తాడు. 1964 సహకార సంఘాల చట్టం కింద ఏటా ఆడిట్ జరగాలి. నా ఉద్యోగం కొత్తలో ఒక సంఘంలో నగదు పుస్తకం పైసాతో సహా సరిపోయింది. సంతకం పెట్టబోతుండగా ఒక అవ్వ తన పాసుపుస్తకం తెచ్చింది. రిజిస్టరులో ఆమె పాలకు వెన్న 7.2 శాతం, ఆమె పుస్తకంలో 6.5. డబ్బు ముట్టిందీ 6.5 లెక్కనే. మరి పదిమంది పుస్తకాలు తెప్పిస్తే అన్నిటా అదే వరస. ఆ అవ్వ రాకుంటే ఆ మోసానికి నా సంతకమే సాక్ష్యమయ్యేది.

టాక్సులో పేరు నిలిస్తే రాబడి బాగుంటుంది. గడువు రోజుల్లో నిద్ర ఉండదు. ఆడిట్‌లో తిరుగుడు ఎక్కువ, మొహమాటం పనికిరాదు. నా సలహా ఏమంటే, మొదట రెండేళ్లు ఆడిట్ నేర్వాలి. పుస్తకం తప్పయితే పన్ను లెక్కా తప్పే గదా. తరువాత తన మనసుకు నచ్చినది బిడ్డనే ఎంచుకోనివ్వండి.

అంతవరకు మీ సంఘానికి మొదటి ఆడిటర్లు మీరే. పూటపూటా పాసుపుస్తకం చూసుకోండి. సెలవు.